నూనె కోసం బోరు వేస్తే వేణ్ణీళ్ళు పడ్డ ఊరు!

*జర్మనీలో మ్యూనిక్ నగరానికి దగ్గరలో ఉన్న చిన్న జిల్లా కేంద్రం ఎర్డింగ్. ముప్పై ఏళ్ళలో జనాభా ఒకటికి ఒకటిన్నర అయింది. ఊరు పెరిగితే ఇల్లాలికి కలిసొచ్చేది ఏమిటి? చేజారిపోయేది ఏమిటి? రండి, ఓసారి చూసొద్దాం.*

ఇంట్లో బోరు వేయిస్తుంటే అందరం ఎలా గుడ్లప్పగించి చూస్తామో మీకు తెలియంది కాదు. రెండొందల అడుగులైంది... మూడొందలైంది... తెల్లటి దుమ్ము తప్ప ఇంకేమీ రాదు. ఇంటాయన మొహం వాడిపోతుంది. మనమేమో లోలోపల కొబ్బరికాయ మొక్కేసుకుంటాం. చివరికి బురదనీళ్ళు ఎగజిమ్మితే ఆ సంబరం చెప్పనలవి కాదు!

మరి నూనె కోసం బోరు వేస్తే నీళ్ళు పడ్డాయనుకోండి? అవి కూడా చెయ్యి పెడితే చురుక్కుమనే వేణ్ణీళ్ళు అనుకోండి? తల పట్టుకుని కూర్చుంటామా, గంగాళం పట్టుకుని పరిగెడతామా?

1983లో ఎర్డింగ్ ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. టెక్సాకో అనే అమెరికన్ కంపెనీ అక్కడ చమురు దొరుకుతుందేమోనని తవ్వింది. ఎంత లోతో తెలుసా? 2,350 మీటర్లు. అంటే మన లెక్కలో 7,700 అడుగులు! చమురు చుక్క కూడా రాలేదు. 65 డిగ్రీల వేడినీళ్ళు మాత్రం వచ్చాయి.

చమురు కంపెనీకి అది నష్టమే. కానీ ఆ ఊరు ఆ నీళ్ళని వృథా పోనివ్వలేదు. ఉన్నదాన్ని సర్దుకుని నాలుగు రకాలుగా వాడుకోవడం మనకి కొత్తేమీ కాదు కదా! మిగిలిన అన్నం మర్నాడు పులిహోర అయినట్టు, ఆ నీళ్ళు ఆ ఊళ్ళో ఏమేమయ్యాయో చెప్పేముందు అసలు ఆ ఊరు ఎక్కడుందో చూద్దాం.

ఎక్కడుందీ ఊరు?

జర్మనీ దేశానికి దక్షిణాన బవేరియా అనే పెద్ద రాష్ట్రం ఉంది. దాని రాజధాని మ్యూనిక్. అక్కడి నుంచి ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్లు వెళ్తే ఎర్డింగ్ వస్తుంది. మ్యూనిక్ లోకల్ రైళ్ళలో రెండో నంబరు లైను చివరి స్టేషను ఇదే. ముప్పావుగంట దాటిన ప్రయాణం.

ఊరి మధ్యలోంచి సెంప్ట్ అనే చిన్న నది పారుతుంది. జనాభా 1980ల చివర్లో సుమారు 24 వేలు. ఇప్పుడు 36 వేలు దాటింది. "ఓస్, ఇంతేనా!" అనుకుంటున్నారా? మన దగ్గరైతే ఇది ఓ చిన్న మునిసిపాలిటీయే. కానీ అక్కడ జిల్లా అంటేనే చిన్నది. ఎర్డింగ్ జిల్లాలో పట్నాలూ పల్లెలూ అన్నీ కలిపి 26 స్థానిక సంస్థలు. అందరినీ లెక్కేసినా లక్షన్నర లోపే. జిల్లా కచేరీ, పెద్దాసుపత్రి, హైస్కూళ్ళు, వాహనాల రిజిస్ట్రేషను, ఇలా చుట్టుపక్కల పల్లెలవాళ్ళకి ఏ పని పడినా ఎర్డింగే రావాలి. అందుకే జనాభా తక్కువైనా సందడి ఎక్కువ.

పదిహేను వందల ఏళ్ళనాటి కొత్త కోడళ్ళు

ఎర్డింగ్ పట్టణాన్ని 1228లో బవేరియా ప్రభువులు నిలబెట్టారు. అంతకంటే పాతది పక్కనే ఉన్న ఆల్టెనెర్డింగ్. ఆ పేరుకి అర్థమే 'పాత ఎర్డింగ్'. 1978లో అది పట్టణంలో కలిసిపోయింది. 

1960లలో ఆల్టెనెర్డింగ్‌లో తవ్వకాలు జరిపితే వెయ్యికి పైగా పాత సమాధులు బయటపడ్డాయి. అయిదు నుంచి ఏడో శతాబ్దం దాకా అక్కడ బతికినవాళ్ళవి. వాటిలో కొందరు ఆడవాళ్ళ పుర్రెలు చిత్రంగా పొడుగ్గా, వెనక్కి వంపు తిరిగి ఉన్నాయి. పసితనంలో తలకి గట్టిగా గుడ్డ చుట్టి ఆ ఆకారం తెప్పించేవారట. మన అమ్మమ్మలు పసిబిడ్డకి తలంటుతూ తల గుండ్రంగా రావాలని ఒత్తేవారు చూడండి, అలాంటి ముచ్చటే, కాకపోతే బాగా శ్రుతి మించినది!

2018లో శాస్త్రవేత్తలు ఆల్టెనెర్డింగ్‌తో సహా బవేరియాలోని కొన్ని పాత సమాధుల ఎముకల్లో జన్యువులు పరీక్షించారు. మగవాళ్ళు చాలావరకు ఉత్తర, మధ్య ఐరోపా మనుషులే. పొడుగు తలల ఆడవాళ్ళు మాత్రం ఆగ్నేయ ఐరోపా నుంచి, అంటే ఇప్పటి రొమేనియా, బల్గేరియాల వైపు నుంచి వచ్చినవాళ్ళని తేలింది. ఎందుకొచ్చి ఉంటారు? పెళ్ళిళ్ళ మీద వచ్చి ఉంటారన్నది పరిశోధకుల ఊహ.

ఒక్క క్షణం ఆలోచించండి. వెయ్యి కిలోమీటర్ల అవతల నుంచి, రైలు లేదు, ఫోను లేదు, భాష రాదు. అలా వచ్చిన పిల్ల మళ్ళీ పుట్టింటి గడప తొక్కి ఉంటుందా? మనలో పక్క జిల్లాకి కాపురానికి వెళ్ళి మొదటి నెలంతా దిండు తడిపినవాళ్ళు లేరూ? ఈ ఊళ్ళోకి కొత్త మనుషులు రావడం విమానాలతో మొదలవలేదన్నమాట.

ఊరు కష్టాలూ చూసింది. అదే శ్మశానంలో ఒక స్త్రీ పంటి నుంచి ఆరో శతాబ్దపు ప్లేగు క్రిమి ఆనవాలు దొరికిందని 2016లో వెల్లడైంది. తర్వాత ముప్పై ఏళ్ళ యుద్ధంలో స్వీడన్ సేనలు మళ్ళీ మళ్ళీ వచ్చి కొల్లగొట్టాయి. 1648లో ఊరు చాలావరకు కాలిపోయింది. మళ్ళీ కట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం ఇంక కొన్ని వారాల్లో ముగుస్తుందనగా, 1945 ఏప్రిల్ 18న బాంబులు పడ్డాయి. మళ్ళీ కట్టుకున్నారు.

ఇప్పుడు పాత ఊరి తూర్పు ద్వారం దగ్గర ఒక బురుజు మిగిలి ఉంది. దాని పేరే 'అందాల బురుజు'! పైన ఉల్లిపాయలా ఉబ్బిన రాగి గుమ్మటం ఉంటుంది. పెద్ద చర్చి గంటల గోపురం చర్చికి అంటుకోకుండా విడిగా నిలబడి ఉండటం మరో వింత.

ఒకే నీళ్ళు, ఎన్ని పనులో!

ఇక మన వేణ్ణీళ్ళ కథకి వద్దాం.

ఆ దేశంలో చలికాలం సున్నా డిగ్రీల కిందకి పోతుంది. ఆరు నెలలపాటు ఇల్లు వెచ్చబెట్టుకోక తప్పదు. మనకి వంట గ్యాసు ఖర్చు ఎలాగో వాళ్ళకి ఇల్లు కాచుకునే ఖర్చు అలాగ, ఇంకా ఎక్కువే! చాలా ఇళ్ళలో గ్యాసుతోనో నూనెతోనో నడిచే బాయిలర్లు ఉంటాయి.

ఎర్డింగ్‌లో 1990ల చివరి నుంచి భూమిలోంచి వచ్చే వేడిని వీధుల కింద గొట్టాల ద్వారా ఇళ్ళకి పంపుతున్నారు. ఎలాగంటారా? చల్లారిన పాలగిన్నెని వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెడతాం కదా. వేడి పాలలోకి వెళ్తుంది, నీళ్ళు మాత్రం కలవవు. ఇదీ అంతే. బోరులోంచి వచ్చిన నీళ్ళు తమ వేడిని వేరే గొట్టంలోని నీళ్ళకి అందిస్తాయి. ఆ రెండో నీళ్ళు ఊరంతా తిరిగి, గదుల్లోని ఇనప పలకల్ని వెచ్చబెట్టి, చల్లబడి వెనక్కి వస్తాయి. మళ్ళీ వేడెక్కి వెళ్తాయి. మరీ గడ్డ కట్టే చలిరోజుల్లో 65 డిగ్రీలు చాలవు కాబట్టి యంత్రాలతో, బాయిలర్లతో కాస్త సాయం చేస్తారు. తర్వాత రెండో బోరు కూడా వేశారు.

వేడి ఇచ్చేసిన నీళ్ళని అక్కడితో పారబొయ్యరు. స్నానాలకి వాడతారు! 1999లో ఆ ఊళ్ళో 'థెర్మె ఎర్డింగ్' అనే స్నానవాటిక తెరిచారు. కట్టినాయన యోజెఫ్ వుండ్ అనే ఆర్కిటెక్టు. 2017లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. అద్దాల గుమ్మటం కింద నిజమైన తాటిజాతి చెట్లు, వెచ్చటి కొలనులు, పిల్లలు జారే ఎత్తయిన జారుడుబల్లలు... ప్రపంచంలోకెల్లా పెద్ద వేడినీటి స్నానవాటిక ఇదేనని పేరు. బయట మంచు కురుస్తుంటే లోపల వెచ్చటి నీళ్ళలో కూర్చుంటారన్నమాట. (అన్నట్టు, పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలకి ఓ హెచ్చరిక. కొలనుల దగ్గర ఈత దుస్తులు వేసుకుంటారు కానీ, ఆవిరి గదుల విభాగంలో బట్టలు లేకుండా కూర్చోవడం అక్కడి ఆచారం. బోర్డు చూసుకుని అడుగు వెయ్యండి!)

ఇలాంటి అదృష్టం ఒక్క జర్మనీకే అనుకోకండి. మన తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం బోర్లు వేస్తే వేణ్ణీళ్ళు ఉబికి వచ్చాయి. ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న ప్రయోగ కేంద్రం పెట్టింది. ఒకటి చమురు కోసం, ఒకటి బొగ్గు కోసం... దొరికింది మాత్రం రెండుచోట్లా గంగమ్మే!

ఒక్క రాత్రిలో మారిపోయిన జాతకం

ఊరు ఇంత పెరగడానికి వేణ్ణీళ్ళు ఒక్కటే కారణం కాదు. అసలు కారణం విమానాశ్రయం.

ఎర్డింగ్‌కి వాయవ్యంగా పెద్ద చిత్తడి మైదానం ఉండేది. మ్యూనిక్ పాత విమానాశ్రయం నగరం తూర్పు అంచున ఇరుకైపోవడంతో కొత్తదాన్ని ఈ మైదానంలో కట్టారు. 1992 మే 16 రాత్రి పాతది మూసేశారు. తెల్లారి 17న కొత్తది మొదలైంది. సామానంతా లారీల మీద ఒక్క రాత్రిలో మార్చేశారు! 2008 మార్చిలో మన హైదరాబాదులో బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారిన వైనం గుర్తొస్తోంది కదూ?

2019లో ఈ విమానాశ్రయం మీదుగా ప్రయాణించినవాళ్ళు దాదాపు 4 కోట్ల 80 లక్షలు. అంతమందికి టిక్కెట్లు చూడాలి, సామాన్లు మొయ్యాలి, కాఫీ పొయ్యాలి, విమానాలు తుడవాలి. వేలకి వేలు ఉద్యోగాలు. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. ఇళ్ళు లేచాయి, బడులు లేచాయి. అంతకుముందు ఆ ఊరికి పేరు తెచ్చింది 1886లో మొదలైన గోధుమ బీరు కర్మాగారం ఒక్కటే. పరుగు పందెం పూర్తి చేసినవాళ్ళకి ఇచ్చే మత్తులేని రకం కూడా వాళ్ళు చేస్తారు.

మరి పోయిందేమిటి? ఫ్రాంజ్‌హైమ్ అనే పల్లె పోయింది. విమానాశ్రయానికి దారివ్వడానికి దాన్ని ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. పెరట్లో తాత నాటిన చెట్టు, పెళ్ళయి వచ్చినప్పుడు కుడికాలు పెట్టిన గడప... వీటికి పరిహారం ఎవరివ్వగలరు? ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోగొట్టుకున్న మన ఆడపడుచులకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే మూడో రన్‌వే వేస్తామన్నప్పుడు చుట్టుపక్కల జనం గట్టిగా అడ్డుపడ్డారు. నిద్రపట్టని మోత, పంట పొలాలు పోవడం వాళ్ళ భయం. 2012 జూన్‌లో మ్యూనిక్ నగరంలో దీనిమీద ఓటింగు పెడితే, అక్కడి జనంలో ఎక్కువమంది వద్దనే అన్నారు.

తమాషా ఏమిటంటే, ఇంత దగ్గరున్నా ఎర్డింగ్ నుంచి విమానాశ్రయానికి నేరుగా రైలు లేదు. బస్సులోనో కారులోనో వెళ్ళాలి. కలిపే రైలు మార్గం ఏళ్ళ తరబడి కాగితాల మీద నలుగుతూనే ఉంది. ఇలాంటివి మన దగ్గరే అనుకుంటాం!

అద్దె ఇల్లు సరే... వంటిల్లేదీ?

ఊరు పెరిగితే మొట్టమొదట పెరిగేది అద్దె. మ్యూనిక్ చుట్టుపక్కల ప్రాంతమంతా జర్మనీలోకెల్లా ఖరీదైనదని పేరు. నగరంలో కట్టుకోలేనివాళ్ళు ఎర్డింగ్ లాంటి ఊళ్ళకి వస్తారు. వాళ్ళు వచ్చేసరికి ఇక్కడా పెరుగుతుంది. ఆ ఊళ్ళోనే పుట్టిన పిల్లకి పెళ్ళయి వేరు కాపురం పెడదామంటే ఇల్లు దొరకదు! నర్సులు, అంగన్‌వాడీ లాంటి శిశుశాలల్లో పనిచేసే ఆయమ్మలు, బస్సు డ్రైవర్లు... ఊరు నడవాలంటే వీళ్ళే కావాలి. ఇల్లు అందనిదీ వీళ్ళకే. బవేరియాలో చాలా ఊళ్ళు స్థానిక కుటుంబాలకి కొన్ని స్థలాలు తక్కువ ధరకి ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాయి. కానీ అడిగేవాళ్ళు వందమంది ఉంటే స్థలాలు పదే ఉంటాయి.

అద్దె ఇళ్ళ సంగతిలో మనకి ఆశ్చర్యం కలిగించే ముచ్చట్లు కొన్ని ఉన్నాయి. అక్కడికి వెళ్ళే అమ్మాయి ఉంటే చెప్పి పంపండి.

మొదటిది వంటిల్లు. జర్మనీలో చాలా అద్దె ఇళ్ళలో వంటగది అంటే నాలుగు గోడలు, నీటి గొట్టం, కరెంటు వైరు, అంతే! గట్టు, అలమరలు, పొయ్యి, తొట్టి అన్నీ అద్దెకున్నవాళ్ళే కొనుక్కోవాలి. ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోవాలి, లేదా తర్వాత వచ్చేవాళ్ళకి అమ్ముకోవాలి. వంటగదితో సహా ఇస్తామని ప్రకటనలో ఉంటే ఆ ఇంటికి గిరాకీ ఎక్కువ.

రెండోది, అద్దెల్లో 'చల్లని అద్దె', 'వెచ్చని అద్దె' అని రెండు రకాలు. చల్లనిది ఒట్టి గోడలకి. వెచ్చనిదాంట్లో నీళ్ళు, చెత్త, మామూలుగా ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు కలుస్తాయి. కరెంటు బిల్లు చాలాచోట్ల వేరే కట్టుకోవాలి. ఏడాది చివర లెక్క చూసి ఎక్కువ వాడితే ఇంకా కట్టమంటారు. చల్లని అద్దె చూసి మురిసిపోతే నెల తిరిగేసరికి చేతులు కాలతాయి.

మూడోది అడ్వాన్సు. మూడు నెలల చల్లని అద్దె కంటే ఎక్కువ అడగకూడదని చట్టం ఉంది.

నాలుగోది కిటికీలు. చలిలో అన్నీ బిగించి మూడు పూటలా పోపులు పెడితే గోడలకి బూజు పడుతుంది. రోజుకి రెండు మూడుసార్లు, గడ్డ కట్టే చలి అయినా సరే, అయిదు నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలి. దీన్ని వాళ్ళు ఓ వ్రతంలా పాటిస్తారు.

పిల్లల్ని ఎవరు చూస్తారు?

ఇది ఏ దేశంలోనైనా తల్లి అడిగే మొదటి ప్రశ్న. ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలకి దగ్గర్లో అమ్మమ్మా నానమ్మా ఉండరు. జర్మనీలో 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ శిశుశాలలో చోటు పొందే చట్టపరమైన హక్కు ఉంది. హక్కు ఉండటం వేరు, చోటు దొరకడం వేరు. పెరిగే ఊళ్ళలో గదులు కట్టినా ఆయమ్మలు దొరకరు. ఎందుకు దొరకరో ఇందాకే చెప్పుకున్నాం. వాళ్ళకి అద్దె కట్టే స్తోమత లేక!

కొన్ని మంచి ఏర్పాట్లూ ఉన్నాయి. బిడ్డల కోసం తల్లిదండ్రులకి నెలనెలా కొంత సొమ్ము వస్తుంది. 2025లో అది ఒక్కో బిడ్డకి 255 యూరోలు. బిడ్డ పుట్టాక జీతంలో కొంత భాగం పన్నెండు నెలలపాటు ఇస్తారు. తండ్రి కూడా సెలవు పెట్టి ఇంట్లో ఉంటే మరో రెండు నెలలు కలుస్తాయి. దాంతో మగవాళ్ళు కూడా పసిబిడ్డని బండిలో పడుకోబెట్టుకుని బజారుకి వెళ్ళడం అక్కడ మామూలైంది. మనవాళ్ళకీ ఈ పేరా చదివి వినిపించండి!

ఆదివారం పొయ్యి తప్ప అన్నీ బంద్

బవేరియాలో రాత్రి ఎనిమిదింటికి దుకాణాలు మూస్తారు. ఆదివారం అసలు తెరవరు. శనివారమే పాలూ కూరగాయలూ తెచ్చుకోకపోతే పస్తే! ఆదివారం గోడకి మేకు కొట్టకూడదు, గడ్డి కోసే యంత్రం నడపకూడదు. "ఇదేం గోల!" అనిపిస్తుంది మొదట్లో. కానీ వారానికి ఒకరోజు ఊరంతా నెమ్మదించడం అలవాటైతే బాగానే ఉంటుందేమో.

సందడి లేకపోలేదు. ఆగస్టు చివర్లో మొదలై పదిరోజులపాటు ఎర్డింగ్‌లో శరదృతువు జాతర జరుగుతుంది. ఆడవాళ్ళు 'డిర్న్‌డల్' అనే సంప్రదాయ దుస్తులు వేసుకుంటారు. బిగుతు రవిక, కుచ్చుల లంగా, దానిమీద ముందు వైపు కట్టుకునే పైగుడ్డ. ఆ పైగుడ్డ ముడి ఎటు వేస్తే దానికో అర్థం చెబుతారు. ఎడమ పక్క వేస్తే పెళ్ళికాలేదని, కుడిపక్క వేస్తే పెళ్ళయిందని. మన నల్లపూసలూ మెట్టెలూ చెప్పే కబురే వాళ్ళకి ముడి చెబుతుంది.

మన అమ్మాయి వెళ్తే...

చదువులకీ ఉద్యోగాలకీ మ్యూనిక్ వెళ్ళే తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది. వాళ్ళ విమానం దిగేది ఎర్డింగ్ పక్కన చిత్తడి నేలలోనే. భర్త ఉద్యోగం మీద వెంట వెళ్ళే అమ్మాయికి మామూలుగా ప్రాథమిక స్థాయి జర్మన్ పరీక్ష పాసవడం తప్పనిసరి. భర్తకి 'బ్లూ కార్డు' అనుమతి ఉంటే ఆ పరీక్ష మినహాయిస్తారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ఓసారి సరిచూసుకోవాలి.

మినహాయింపు ఉంది కదా అని భాష నేర్చుకోకుండా వెళ్ళొద్దని చెప్పండి. పెద్ద నగరంలో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. చిన్న జిల్లా కేంద్రంలో డాక్టరమ్మతో, బడి పంతులమ్మతో, పక్కింటి ముసలావిడతో మాట్లాడాలంటే జర్మనే గతి. ఎర్డింగ్ లాంటి ఊళ్ళలో తక్కువ ఫీజుతో పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పే ప్రజా విద్యాలయాలు ఉంటాయి. అక్కడ సిరియా ఆవిడ, రొమేనియా ఆవిడ, మన గుంటూరు అమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు. పదిహేను వందల ఏళ్ళ క్రితం ఆ ఊరికి వచ్చిన పొడుగు తలల కోడలికి ఆ పాటి సాయం కూడా దొరికి ఉండదు.

ఎర్డింగ్ కథ చదివాక మీకేమనిపిస్తోంది? అనుకున్నది దొరక్కపోయినా దొరికినదాన్ని ఊరందరికీ పంచుకున్నారు. నేల కిందున్న వెచ్చదనాన్ని గొట్టాలు వేసి ఇంటింటికీ చేర్చగలిగారు. కానీ ఆ ఇళ్ళలో ఉండే స్తోమతని మాత్రం అందరికీ చేర్చలేకపోతున్నారు. మీ ఊరి పక్కకి ఓ పెద్ద ఫ్యాక్టరీయో విమానాశ్రయమో వస్తుందని అందరూ సంబరపడుతున్నప్పుడు, "మన అంగన్‌వాడీ ఆయమ్మ ఎక్కడుంటుంది?" అని ఒక్కరైనా అడగాలి. ఆ అడిగేది మీరే ఎందుకు కాకూడదు?

ఈ వారం వంట: బవేరియా రొట్టె ఉండలు

అక్కడి ఇల్లాళ్ళు ఎండిపోయిన రొట్టెని పారెయ్యరు. 'సెమ్మెల్‌క్నోడెల్' అనే ఉండలు చేస్తారు. మన పావ్ బన్నులతో ఇలా ప్రయత్నించండి.

కావలసినవి: రెండురోజుల నాటి పావ్ బన్నులు 6 (సుమారు పావుకిలో), పాలు ఒక కప్పు, గుడ్లు 2, ఉల్లిపాయ 1, వెన్న ఒక చెంచా, సన్నగా తరిగిన కొత్తిమీర గుప్పెడు (వాళ్ళు పార్స్‌లీ ఆకు వాడతారు), జాజికాయ పొడి చిటికెడు, ఉప్పు, మిరియాల పొడి.

చేసే విధానం: బన్నుల్ని పల్చటి ముక్కలుగా కోసి వెడల్పు గిన్నెలో వెయ్యండి. పాలు వేడిచేసి వాటిమీద సమానంగా పోసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు ఉంచండి. ఈలోగా సన్నగా తరిగిన ఉల్లిపాయని వెన్నలో మెత్తబడేదాకా వేయించి చల్లార్చండి. నానిన రొట్టెలో ఉల్లిపాయ, గిలక్కొట్టిన గుడ్లు, కొత్తిమీర, జాజికాయ పొడి, ఉప్పు, మిరియాల పొడి వేసి చేత్తో తేలిగ్గా కలపండి. మరీ పిసికితే ఉండలు గట్టిపడతాయి. చేతులు తడిచేసుకుని నిమ్మకాయ కంటే కాస్త పెద్ద ఉండలు చెయ్యండి. వెడల్పాటి గిన్నెలో ఉప్పు నీళ్ళు మరిగించి, సెగ తగ్గించి, ఉండలు మెల్లగా వదలండి. నీళ్ళు కళపెళ కాగకూడదు, సన్నగా కదులుతుండాలి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో ఉడికిపోతాయి. అక్కడ పుట్టగొడుగుల మీగడ కూరతో తింటారు. మనకి ఏ కుర్మాతోనైనా బాగుంటాయి.

చిట్కా: ముందు ఒకే ఒక్క ఉండ వేసి చూడండి. విడిపోతుంటే మిగతా పిండిలో రెండు చెంచాల రొట్టె పొడి కలపండి. ఉండలు మిగిలితే మర్నాడు చక్రాలుగా కోసి పెనం మీద ఎర్రగా కాల్చండి. పిల్లల టిఫిన్ డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది!